బంధుత్వము లేని దుఃఖము

ధర్మశాస్త్రములు మృతాశౌచమును సంబంధమునుబట్టి కొలిచి చెప్పినవి. సపిండులకు పది దినములు. సమానోదకులకు మూడు దినములు. గురువు గతించినచో శిష్యునకు మూడు రాత్రులు. తాము నివసించు దేశపు రాజు గతించినచో ప్రజలకు ఆ పగలో ఆ రాత్రియో, అంతమాత్రమే. ఈ కొలతలలో మన పూర్వుల లోకజ్ఞానము కనుపించుచున్నది. దుఃఖమునకు హద్దు లేనిచో సంసారము సాగదు; దుఃఖమే లేనిచో అది సంసారమే కాదు. అయితే, తాను ఎన్నడును సమీపమున చూడని, తనతో ఒక్క మాటయైనను పలుకని, తన భాషయైనను తెలియని పరదేశపు యువకుడు మరణించినపుడు కన్నీరు కార్చువానికి ఎన్ని దినములు? నేను చదివిన స్మృతులలో ఎచ్చటను ఇది కానరాలేదు. చెప్పవలసిన అవసరము ఆనాడు కలుగలేదు కాబోలు. ఈనాడు కలిగినది.

2011వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీ, ఆదివారము. మలేసియా దేశమున కౌలాలంపూరు నగరమునకు చేరువనున్న సెపాంగ్ అను చోట ప్రపంచ మోటారు సైకిళ్ళ పందెము జరుగుచుండెను. అది రెండవ చుట్టు మాత్రమే. ఇటలీ దేశస్థుడు మార్కో సిమోన్‌చెల్లి, ఇరువది నాలుగేండ్లవాడు, పదునొకండవ మలుపులో ప్రక్కకు ఒరిగి పోవుచుండగా చక్రములు పట్టు తప్పినవి. అట్టి సమయమున వాహనమును, దానిని నడుపువాడును బాట వెలుపలికి జారిపోవుట సహజము. అట్లు జారిపడినవారు చాలసార్లు దుమ్ము దులుపుకొని లేచి నడచిపోయెదరు. ఇతనికి అట్లు కాలేదు. చక్రములు మరల నేలను పట్టుకొనెను. ఆ పట్టుకొనుటయే మృత్యువైనది. వాహనము వెలుపలికి పోక బాటకు అడ్డముగా లోపలివైపునకు దూసికొనివచ్చెను. వెనుక వచ్చుచున్న అమెరికావాడు కోలిన్ ఎడ్వర్డ్స్, ఇటలీవాడే యైన వాలెంతీనో రోస్సీ, ఇరువురకును తప్పించుకొను వ్యవధి లేకపోయెను. ఆ తాకిడికి ఆ యువకుని తలమీది హెల్మెట్టు ఊడి దూరముగా పడెను. పందెము ఆపివేసిరి. గంటలోపలనే అతడు మరణించెనని ప్రకటించిరి.

అతడు 1987లో కత్తోలికాలో జన్మించి, రిమిని పట్టణమునకు సమీపముననున్న కొరియానో అను చిన్న ఊరివాడయ్యెను. 2008లో రెండువందల యేబది సీసీ తరగతిలో ప్రపంచ విజేత. మరణమునకు సరిగా వారము ముందు ఆస్ట్రేలియాలో జరిగిన పందెమున రెండవ స్థానము పొందెను. పెద్ద తరగతిలో అతనికి అదియే మిక్కిలి గొప్ప ఫలితము. పొడవైన మనిషి. తలమీద ఒత్తైన ఉంగరముల జుట్టు. ఎల్లప్పుడు నవ్వు ముఖము. అక్టోబరు 27వ తేదీన కొరియానోలో అంత్యక్రియలు జరిగినపుడు ఊరు పట్టనంత జనము వేలకొలదిగా వచ్చిరి. శవపేటిక చెంత అతని వాహనములను నిలిపిరి. మనదేశమున వీరుని ఖడ్గమును ప్రక్కన ఉంచినట్లే గదా!

ఇట్టి వార్త వినిన పెద్దలు కొందరు పెదవి విరుతురు. వారి వాదమును తేలికగా తీసివేయరాదు. అతడు యుద్ధమున దేశమునకై మరణించినవాడు కాడు. గోవును రక్షింపబోయి మరణించినవాడు కాడు. ప్రాణమునకు అపాయమని తెలిసియు, ధనమునకును కీర్తికిని ఆ వృత్తిని కోరి వరించినవాడు. ఇక దుఃఖించువారో, అతని ప్రాణము అపాయములో నుండుటను చూచుటకే సొమ్ము చెల్లించి వచ్చినవారు. అట్టివారి కన్నీటికి విలువ యేమి? శోకింపదగనివారిని గూర్చి శోకించుచున్నావని అర్జునుని మందలించిన ఆచార్యుడు వీరిని ఏమనును?

గీతలోని మందలింపు తనవారు, పరులు అను భేదముచే పుట్టి, చేయవలసిన పనిని చేయనీయని శోకమును గూర్చినది. కొరియానో వీధులలో నిలిచినవారి దుఃఖము ఏ కర్తవ్యమునకు అడ్డువచ్చినది? ఒక దినము పని మానిరి, అంతే. ఇంతకంటె నాకు బలముగా తోచునది ఆదికావ్యము పుట్టిన తీరు. తమసా తీరమున మహర్షికి ఆ పక్షితో ఏమి బంధుత్వము? అది ఆయన పెంచినది కాదు. ఆయన ఆశ్రమమునకు వచ్చి గింజలు తినినది కాదు. అంతకు క్షణము ముందు దానిని చూచెను, దాని ఆనందమును చూచెను, అంతలోనే అది నేల కూలెను. ఆ శోకమే శ్లోకమైనదని ఆలంకారికులు మురియుచు చెప్పుదురు. బంధుత్వము లేని దుఃఖము హీనమైనదైనచో మనకు రామాయణమే లేదు. ఆనందములో ఉన్నదానిని చూచుచుండగా అది కూలుట, దానిలోనే ఉన్నది రహస్యమంతయు. పందెమును చూచువారును అట్లే ఆనందించుచున్న ఒక ప్రాణిని చూచుచుండిరి.

అయితే ఇచ్చట ఒక భేదము కలదు. మహర్షికి శపించుటకు కిరాతుడు దొరకెను. సెపాంగులో కిరాతుడు లేడు. నిందింపదగినవాడు లేని దుఃఖము మోయుటకు మిక్కిలి బరువైనది. అందుచేతనే జనులు ఇట్టి సమయములలో ఎవనినో ఒకనిని వెదకుచుందురు. హెల్మెట్టు చేసినవాడా, టైరు చేసినవాడా, వెనుక వచ్చినవాడా అని. వెనుక వచ్చిన రోస్సీ మృతునికి పొరుగూరివాడు, ఆప్తమిత్రుడు. తనకు తమ్ముని వంటివాడని అతడే చెప్పుకొనెను. ప్రేమించిన వానిమీదికి తన చక్రమే పోయినది. దశరథుడు ముని కుమారుని చంపినపుడు కనపడని లక్ష్యమును శబ్దమునుబట్టి కొట్టిన దోషమున్నది. ఇతనికి ఆ దోషమును లేదు. చూచెను, తప్పింప శక్యము కాలేదు. శాస్త్రము బుద్ధిపూర్వకమైన హింసను, అబుద్ధిపూర్వకమైన దానిని వేరుచేసి చూచును. మనస్సు అట్లు వేరుచేయునా? అతడు ఆ పిమ్మట పది సంవత్సరములు, 2021 చివరివరకు, పందెములలో పాల్గొనెను. ఆ పదేండ్లలో అతని మనస్సు ఎట్లుండెనో మనము ఊహించుటకైనను అధికారులము కాము.

మరియొక సంగతి. ఆ యేడాదియే మార్కో సాటివారిచే దుడుకువాడని నింద పడినవాడు. మే మాసమున ఫ్రాన్సులోని లె మాన్ పందెమున అతనితో తగులుకొని దాని పెద్రోసా అను స్పెయిను వీరుడు పడగా మెడయెముక విరిగెను. మార్కోకు శిక్ష విధించిరి. అతని నడక అపాయకరమని పలువురు బాహాటముగానే చెప్పిరి. అట్లు చెప్పినవారును అతని మరణమునకు ఏడ్చిరి. దీనిని కపటమని అనువారు మానవ హృదయమును ఎరుగనివారు. జీవించియున్నవానిని హెచ్చరించుట అతడు మరణింపకుండుటకే. హెచ్చరించినవానికి దుఃఖించు అర్హత ఇతరులకంటె ఎక్కువయే కాని తక్కువ కాదు.

ఇక చూచువారి సంగతికి వచ్చెదను. అసలు చిక్కంతయు అచ్చటనే యున్నది. నాట్యశాస్త్రము కరుణమును రసమని చెప్పినది. దుఃఖము ఆనందమగుట ఎట్లని ప్రశ్నించి, సాధారణీకరణమను ఉపాయముచే ప్రాచీనులు సమాధానము చెప్పిరి. రంగమున హరిశ్చంద్రుడు విలపించునపుడు ప్రేక్షకునకు అది తన దుఃఖమును కాదు, ఆ నటుని దుఃఖమును కాదు. ఎవరికిని చెందని శుద్ధమైన శోకము. అందుచే ఆస్వాదింపదగినదగుచున్నది. ఈ విద్య అంతయు ఒక్క నియమముపై నిలిచియున్నది: రంగమున చచ్చిపడిన నటుడు తెర పడిన పిదప లేచి రంగు తుడుచుకొని ఇంటికి పోవలెను. మోటారు సైకిళ్ళ పందెమున అట్టి తెర లేదు. అచ్చటి ప్రేక్షకుడు అనుభవించు వీరాద్భుతములు సత్యమైన అపాయమునుండియే రసమును పీల్చుకొనుచున్నవి. తిన్నని బాటపై గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగమున పోవువాడు మెత్తని పరుపుమీద పోవుచున్నట్లైనచో ఎవడు చూడవచ్చును? మృత్యువును కోరుట లేదు, నిజమే. మృత్యువు ఇంటి గుమ్మము దాక వచ్చి మరలిపోవుటను కోరుచున్నారు. ఒకనాడు అది మరలిపోదు. అప్పుడు రసము భగ్నమై మిగిలినది కేవల శోకము.

కర్త, చేయించువాడు, ప్రేరేపించువాడు, మెచ్చుకొనువాడు, ఈ నలుగురును పుణ్యమందును పాపమందును సమభాగులని పెద్దలు చెప్పుదురు. పందెమును మెచ్చుకొనినవాడు మరణమును మెచ్చుకొనినట్లేనా? కాదని నా అభిప్రాయము. సముద్రమున చేపలకు పోవువారి సాహసమును పొగడినవాడు తుఫానును పొగడినట్లు కాదు. అయితే తుఫాను వచ్చిన పిదప అతడు ఏమి చేయునన్నదానిలో అతని పూర్వపు మెప్పు ఎట్టిదో తెలియును. 2010 సెప్టెంబరు 5వ తేదీన ఇటలీలోని మిసానోలో షోయా తొమిజావా అను పందొమ్మిదేండ్ల జపాను బాలుడు మధ్యతరగతి పందెమున పడి మరణించెను. పందెమును ఆపలేదు. ఆ తరువాతి పెద్ద పందెమును కూడ జరిపించిరి. ఆనాడు దానిని విమర్శించినవారు చాలమంది. మరుసటి యేడు సెపాంగులో పందెమును పూర్తిగా రద్దు చేసిరి. ఈ రెండింటికి నడుమ నున్నది పదమూడు మాసముల కాలమే.

శ్రీవైష్ణవ సంప్రదాయమునందు దయ అనగా ఏమి అను ప్రశ్నపై ఆచార్యుల నడుమ ఒక ప్రసిద్ధమైన చర్చ కలదు. పరుల దుఃఖమునకు తాను దుఃఖించుటయే దయ యని పిళ్ళై లోకాచార్యుల మార్గమువారు. పరుల దుఃఖమును తొలగింపగోరుటయే దయ యని వేదాంతదేశికుల మార్గమువారు. భగవంతుని దయను గూర్చిన చర్చయే అది. నేను దానిని మోటారు సైకిళ్ళ పందెమునకు లాగుచున్నానని ఎవరును కోపింపవలదు. ఏ మార్గమువారిని నొప్పించుట నా ఉద్దేశము కాదు. కాని అభిమానుల కన్నీటిని తూచుటకు ఇంతకంటె మంచి త్రాసు నాకు దొరకలేదు. కన్నీరు మొదటి లక్షణమును నెరవేర్చినది. రెండవదాని మాట యేమి?

కొంత జరిగినది. 2003లో జపానులోని సుజుకాలో దైజిరో కాతో పడి, రెండు వారములు ప్రాణముతో కొట్టుకొని మరణించిన పిదప, ఆ పెద్ద పందెమును ఆ బాటమీద మరల జరుపలేదు. 2018 నుండి ఆ పందెములలో పాల్గొనువారి తోలు దుస్తులలో, పడిన క్షణముననే గాలితో ఉబ్బి భుజములను రొమ్మును కాపాడు సంచి యుండుట విధిగా చేసిరి. అట్టి సంచి సెపాంగులోని తాకిడిని ఆపియుండెడిది కాదేమో. అయినను ఎముకలు విరుగక ఇల్లు చేరినవారు ఎందరో యుందురు. కాతోయు, మార్కోయు ఒక్క యజమాని జట్టులోనివారే. ఫౌస్తో గ్రెసీని అను నతడు. ఒకే కొలువున ఇద్దరు బిడ్డల వంటివారిని పోగొట్టుకొనిన ఆయన 2021లో కోవిడు వ్యాధిచే గతించెను. ఆ జట్టు పందెములను విడువలేదు.

విడువకుండుట ఒప్పా తప్పా? ఇచ్చట నా బుద్ధి తడబడుచున్నది. ఇంగ్లండు, ఐర్లండుల నడుమ సముద్రమున మాన్ అను చిన్న ద్వీపమున్నది. అచ్చట పందెమునకు ప్రత్యేకమైన బాట లేదు. ఊళ్ళ నడుమ, రాతిగోడల ప్రక్క, దీపస్తంభముల ప్రక్క పోవు మామూలు రోడ్డే. ఒక్క చుట్టు 60 కిలోమీటర్లు. 1911 నుండి ఆ బాటమీద 250కి పైగా ప్రాణములు పోయినవి. 1972లో పర్లోత్తి అను ఇటలీవాడు అచ్చట మరణించినపుడు, అతని మిత్రుడును నాటి మేటి వీరుడునైన అగొస్తీని ఆ యేటి తరువాత అచ్చట పందెమాడనని నిశ్చయించుకొని ఆ మాట నిలుపుకొనెను. 1976 తరువాత ప్రపంచ గ్రాండ్ ప్రి పందెముల వరుసనుండి దానిని తొలగించిరి. పందెము మాత్రము నేటికిని జరుగుచున్నది.

ఆ ద్వీపమున 26 సార్లు గెలిచిన జోయి డన్‌లప్ ఉత్తర ఐర్లండువాడు. 2000 జూలై 2వ తేదీన ఎస్తోనియాలోని తాల్లిన్‌లో, తడిసిన రోడ్డుపై పందెమాడుచు చెట్లలోనికి పోయి మరణించెను. బల్లిమనీ అను అతని ఊరికి పదివేలకొలదిగా జనము వచ్చిరి. విజయములకొరకే వచ్చిరని నేననుకొనను. అతడు తన వ్యానులో ఆహారమును బట్టలును నింపుకొని, తానే నడుపుకొనుచు, రుమేనియా, బోస్నియా, అల్బేనియా దేశములలోని అనాథ శిశువులకు చేరవేసెడివాడు. చాటుకొనలేదు. అతని తమ్ముడు రాబర్టు 2008 మే 15వ తేదీన సాధన చేయుచు మరణించెను. రెండవనాడు, తండ్రి శవము ఇంట నుండగనే, రాబర్టు కుమారుడు మైకేలు అదే పందెములకు పోయి గెలిచెను. మైకేలు అన్న విలియము 2018లో మరియొక పందెపు సాధనలో పోయెను. మైకేలు ఆ తరువాతను మానలేదు. పెదతండ్రి సాధించిన ఆ 26ను 2024లో దాటెను.

తండ్రి పోయిన రెండవనాడు కుమారుడు ఎట్టి కర్మమునకును అర్హుడు కాడని నేను బాల్యమునుండి చదివి, ఇతరులకు చదివించితిని. ఆ వార్త మొదట విన్నపుడు నాకు కలిగినది జుగుప్సయే, దాచుట ఎందులకు? కాని ఎంత ఆలోచించినను ఆ బాలునిపై తీర్పు నోటికి రాలేదు. పుత్రుడు తండ్రికి పిండమును ఏదో ఒక రూపమున పెట్టవలెను. వానికి తెలిసినది ఆ ఒక్క రూపమే కాబోలు. ఇట్లు అనుకొనుటలో నేను శాస్త్రమును సడలించుచున్నానేమో. సడలించుచున్నాననియే ఒప్పుకొందును.

మార్కో తండ్రి పావొలో కథయు ఇట్టిదే, అయినను వేరు. కుమారుడు పోయిన రెండు వారములకు, నవంబరు 6వ తేదీన, స్పెయినులోని వాలెన్సియాలో ఆ యేటి కడపటి పందెము. అన్ని తరగతుల వీరులును కలిసి ఒక చుట్టు తిరిగిరి. మార్కో వాహనముపై కెవిన్ ష్వాంట్జ్ అను పూర్వపు ప్రపంచ విజేత ముందు నడచెను. ఆ పిమ్మట మౌనము పాటింతురని ఎల్లరును తలంచుదురు గదా. పాశ్చాత్యుల ఆచారము అదియే. మౌనము వలదనియు, తన కుమారునికి సందడి యనిన ఇష్టమనియు, సందడియే చేయుడనియు పావొలో కోరెను. ఇంజనులు గర్జించెను, బాణసంచా పేలెను, జనము కేకలు వేసిరి. దీనిని చదివినపుడు నాకు పరాయిదిగా తోచలేదు. పండుటాకై రాలినవానిని మేళతాళములతో, భజనతో సాగనంపుట మనకు తెలిసినదే. పడుచువానిని అట్లు సాగనంపుటకు మాత్రము మన గుండెలు చాలవు. ఆ తండ్రికి చాలినది.

తరువాత అతడు కుమారుని పేరిట నిస్సహాయులకు తోడ్పడు ఒక సేవాసంస్థను నెలకొల్పెను. మరియు కుమారుని సంఖ్యయైన 58 పేరిట ఒక జట్టును కూర్చి, చిన్న వయస్సు పిల్లలను అవే పందెములకు పంపుట మొదలిడెను. కొడుకును మ్రింగిన నోటిలోనికి పరుల కొడుకులను పంపుటయా అని అడుగువారికి నాయొద్ద సమాధానము లేదు. అయితే ఒక్కటి గమనించితిని. పోగొట్టుకొననివాడు పిల్లలను పంపుటకును, పోగొట్టుకొనినవాడు పంపుటకును భేదమున్నది. మలుపు మలుపున ఏమున్నదో ఎరిగిన కన్నులు ఆ పిల్లలను చూచుచుండును. మిసానోలోని పందెపు బాటకు మార్కో పేరు పెట్టిరి. ఇది తొమిజావా మరణించిన బాటయే. 2019లో ఆ బాటమీద పావొలో జట్టులోని తత్సుకి సుజుకి అను జపాను బాలుడు చిన్న తరగతిలో గెలిచెను. ఒక జపాను తల్లి బిడ్డ పోయిన చోట, ఒక ఇటలీ తండ్రి పంపిన జపాను బిడ్డ క్షేమముగా గెలిచి వచ్చెను. దీనిలో అర్థమును వెదకుట నా వంటివాని అలవాటు, వెదకక విడిచెదను.

58 సంఖ్యను ఆ పెద్ద పందెములలో మరెవ్వరికిని ఈయరాదని 2016లో నిర్ణయించిరి. కొరియానోలో అతని స్మృతికై ఒక చిహ్నమును నిలిపిరి. అది విగ్రహము కాదు. మోటారు సైకిలు వెనుక పొగగొట్టమును పోలిన లోహపు గొట్టము. పందెములు జరుగునది ఆదివారమున గనుక ప్రతి ఆదివారమును దానినుండి మంట లేచును. సరిగా 58 క్షణములు వెలిగి ఆరిపోవును. ఊరివారును, దూరదేశములనుండి వచ్చినవారును దానియెదుట నిలిచి చూతురు. వారిలో చాలమంది అతనిని సమీపమున ఎన్నడును చూచినవారు కారు. ఆరిన పిదపను వెంటనే కదలక మరికొంత సేపు అచ్చటనే నిలిచెడివారు ఉందురు.